తాళం పడిన గేటు – తెరమీద, తెరవెనుక

తెలుగు సాహిత్య విద్యార్థులతో ఒకచోట మాట్లాడుతున్నప్పుడు ఒక అమ్మాయి లేచి, "మూతబడిన మిల్లు గురించి, పని పోయిన కార్మికుల గురించి తెలుగులో వచ్చిన సినిమా ఏది సార్?" అని అడిగింది. నేను తడుముకోకుండా 'మనుషులు మారాలి' అన్నాను. ఇంకొకటి చెప్పమంది. 'ఎర్ర మల్లెలు' అన్నాను, 'రంగుల కల' అన్నాను. "వాటిలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసే ఆడమనిషి ఉందా సార్?" అంది. లేదన్నాను. ఆ అమ్మాయి కూర్చుంది. ఆమె తల్లి నగర శివారులో ఒక గార్మెంట్స్ కంపెనీలో మిషను కుడుతుందనీ, అది మూతపడబోతోందన్న పుకారు ఇంట్లో నెలరోజులుగా నలుగుతోందనీ సభ అయిపోయాక తెలిసింది. నేను చరిత్ర చెప్పాను. ఆమె అడిగింది చరిత్ర కాదు.

ఆ జవాబులోని లోటు నాకు చాలాకాలం గుచ్చుకుంది. కార్మికుడి పక్షాన నిలబడిన చిత్రాలంటూ మనం సభల్లో, వ్యాసాల్లో పదేపదే పేర్కొనే వాటిని మళ్ళీ చూశాను. వాటిని మెచ్చుకుంటూ గతంలో నేను రాసిన మాటల్ని కూడా మళ్ళీ చదువుకున్నాను. ఈ వ్యాసం కొంత విమర్శ, కొంత ఆత్మవిమర్శ. నా వాదన ఒక్క వాక్యంలో చెప్పాలంటే ఇది: మన సినిమా కార్మికుడికి సానుభూతిని ఇచ్చింది, సంఘీభావాన్ని ఇవ్వలేదు. ఈ రెంటి మధ్య తేడాను మనం, అంటే అభ్యుదయ విమర్శకులం, గుర్తించలేదు.

సానుభూతి చూసేవాడి మనసులో పుట్టి అక్కడే ఆగిపోగలదు. దానికి ఖర్చు లేదు. సంఘీభావానికి ఖర్చుంది. ఒక పూట కూలి పోవచ్చు, ఒక ఒప్పందం పోవచ్చు, ఒక స్నేహం పోవచ్చు. ఒక రచన సానుభూతి దగ్గర ఆగిందా, సంఘీభావం దాకా నడిచిందా అన్నది నినాదాల్ని లెక్కపెట్టి తేల్చే విషయం కాదు. కథను ఎలా నిర్మించారో చూసి తేల్చాలి. అందుకే ఇది శిల్పానికి సంబంధించిన ప్రశ్న కూడా.

1

తెలుగు సినిమా మొదటినుంచీ సమాజాన్ని పట్టించుకోలేదనడం అన్యాయం. గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశారు, 1939లో 'రైతుబిడ్డ' తీశారు. 1955లో తాపీ చాణక్య 'రోజులు మారాయి' తీశారు. 1979లో 'మాభూమి' వచ్చింది. వీటి వెనుక ఒక చారిత్రక కారణం ఉంది. తెలుగు నేలమీద పెద్ద పోరాటాలు భూమికోసం జరిగాయి. పాట, బుర్రకథ, నవల, నాటకం అన్నీ ఆ పోరాటాల్లోంచి పుట్టాయి. కాబట్టి రైతు తెరమీదికి వచ్చేటప్పుడు తన వెంట ఊరును తెచ్చుకున్నాడు. ఊరు లేకుండా రైతు కథ లేదు.

ఫ్యాక్టరీ కార్మికుడు మాత్రం తెరమీదికి ఒంటరిగా వచ్చాడు. నగరంలో అతని చుట్టూ ఉండే వాడ, పక్కింటివాళ్ళు, చిట్టీలు, అప్పులు, షిఫ్టు మారే వేళ రోడ్డుమీది టీకొట్టు, ఇవేవీ అతనితో రాలేదు. అతనికి ఒక తల్లి, ఒక చెల్లెలు, ఒక గేటు, ఒక యజమాని ఉంటే చాలని దర్శకులు అనుకున్నారు. గేటు ఎందుకు? కొడవళ్ళు, కర్రలు, జెండాలు పట్టుకుని జనం గుమిగూడటానికి ఒక స్థలం కావాలి గనుక. మన సినిమాలో ఫ్యాక్టరీ గేటు తరచుగా ఒక రంగస్థలం. దానికి అవతల ఏం తయారవుతుందో, ఎవరు ఏ యంత్రం దగ్గర నిలబడతారో, గంటకు ఎన్ని తీయాలో ప్రేక్షకుడికి తెలియదు. పని చూపించని చోట పని పోవడం ఎలా నొప్పి పెడుతుంది?

2

'మనుషులు మారాలి' దగ్గరికి వస్తాను. 1969లో వి. మధుసూదనరావు దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రానికి మూలం మలయాళ 'తులాభారం'. దాని వెనుక కేరళ వామపక్ష నాటకరంగంలో పెరిగిన తోప్పిల్ భాసి కలం ఉంది. శోభన్‌బాబు కార్మిక నాయకుడు, శారద అతని భార్య. కార్మికుల పోరాటంలో భర్త హతమవుతాడు. ఆకలికి తాళలేక ఆ తల్లి తన పిల్లలకు విషమిస్తుంది, తాను మాత్రం బతికి బోనెక్కుతుంది. ముద్దాయి ఆమె కాదు, సమాజం అనే ముగింపు ఆనాటి ప్రేక్షకుల్ని కుదిపేసింది. హాల్లో ఏడవనివాళ్ళు లేరని మా పెద్దలు చెప్పేవారు. నేను మొదటిసారి చూసినప్పుడు నేనూ ఏడ్చాను. వంద కరపత్రాలు చేయలేని పని ఆ చిత్రం చేసిందని ఒకప్పుడు రాశాను. ఆ మాటను ఇప్పటికీ పూర్తిగా వెనక్కి తీసుకోను.

కానీ ఈసారి చూస్తున్నప్పుడు వేరే ప్రశ్న వేధించింది. నాయకుడు పోయాడు సరే, యూనియన్ ఏమైంది? అతను ఎవరికోసం చనిపోయాడో ఆ వందలమంది ఇళ్ళలో ఒక్క ఇంటి పొయ్యి కూడా ఆ పిల్లలకోసం వెలగలేదా? కథ నడవాలంటే ఆ తల్లి పూర్తిగా ఒంటరి కావాలి. ఆమెను ఒంటరిని చేయడానికి కథ కార్మికవర్గాన్నే దృశ్యంలోంచి తప్పించింది. మన కన్నీళ్ళ వెల అది. సమాజాన్ని బోనులో నిలబెట్టిన ఆ కథ, సమాజంలో ఆమె పక్కన నిలబడగలిగిన వాళ్ళను మాత్రం సాక్షులుగా కూడా పిలవలేదు.

నిజజీవితంలో యూనియన్లు ఎన్నో కుటుంబాలను అలాగే గాలికి వదిలేశాయి కదా అని కొందరు అనవచ్చు. నిజమే. అయితే అది చెప్పవలసిన మరో కథ. యూనియన్ ఎందుకు రాలేదు, ఎవరు అడ్డుపడ్డారు, భయమా, అలసటా, చీలికా? ఆ కథను చెబితే అది కఠినమైన ఆత్మవిమర్శ అయ్యేది. చెప్పకుండా వదిలేస్తే ప్రేక్షకుడు హాలు బయటికి ఒకే పాఠంతో వస్తాడు: పోరాడినవాడి పెళ్ళాం పిల్లలు దిక్కులేనివాళ్ళవుతారు. దర్శకుడి ఉద్దేశం ఇది కాదని నాకు తెలుసు. కాని ఒక రచన ఫలితం రచయిత ఉద్దేశానికి లోబడి ఉండదు.

3

1980 తర్వాత మాదాల రంగారావు 'యువతరం కదిలింది', 'ఎర్ర మల్లెలు' వంటి చిత్రాలతో ఎర్రజెండాను వాణిజ్య చిత్రం మధ్యలో పాతారు. టి. కృష్ణ, ఆ తర్వాత ఆర్. నారాయణమూర్తి ఆ దారిని తమ తమ పద్ధతుల్లో కొనసాగించారు. వాళ్ళ నిజాయితీని శంకించేవాళ్ళతో నాకు పేచీ ఉంది. సొంత డబ్బు ఒడ్డి, పంపిణీదారుల చుట్టూ తిరిగి తీసిన సినిమాలవి. కాని వాటిలో సమస్య నాయకుడి గొంతు. ఒకడు మాట్లాడతాడు, వందమంది వింటారు. ఆ వందమంది వేషాలు వేసిన జూనియర్ ఆర్టిస్టులకు ఒక్క డైలాగు ఉండదు. చప్పట్లు, నినాదం, పిడికిలి – ఇంతే వాళ్ళ పాత్ర. కార్మికవర్గ నాయకత్వం గురించి చెప్పే సినిమాలో కార్మికవర్గం మూగది కావడం చిన్న లోపం కాదు.

ఇదే కాలంలో వచ్చిన 'రంగుల కల' (1983) నాకు భిన్నంగా కనిపిస్తుంది. బి. నర్సింగరావు తీసి, తానే నటించిన ఈ చిత్రంలో కథానాయకుడు చిత్రకారుడు. తన బొమ్మలు ఎవరికోసమని ప్రశ్నించుకుంటూ అతను హైదరాబాదు శ్రామికుల మధ్యకు నడుస్తాడు. గద్దర్ పాట అందులో అలంకారంగా రాదు, వీధిలోంచి వస్తుంది. ఈ చిత్రం కార్మికుడికి దారి చూపిస్తానని చెప్పుకోదు. మధ్యతరగతి కళాకారుడు కార్మికుడి పక్కన నిలబడడం నేర్చుకోవడానికి ఎంత తడబడతాడో చూపిస్తుంది. సంఘీభావం ఒక తడబాటుతో మొదలవుతుందని అంగీకరించిన అరుదైన తెలుగు చిత్రమిది.

4

ఆ తర్వాత గాలి మారింది. 1992లో కె. రాఘవేంద్రరావు 'ఘరానా మొగుడు' వచ్చింది. విమర్శకులు దీన్ని పట్టించుకోలేదు, నేను కూడా పట్టించుకోలేదు. అది మా తప్పు. ఎందుకంటే అంతమంది జనం చూసిన కార్మిక–యజమాని కథ తెలుగులో బహుశా మరొకటి ఉండదు. చిరంజీవి కార్మికుడు, యూనియన్ నాయకుడు. నగ్మా ఫ్యాక్టరీ నడిపే యజమాని కూతురు. కార్మికుల బలాన్ని అదుపులో పెట్టడానికి ఆమె నాయకుణ్ణి పెళ్ళి చేసుకుంటుంది. ఆ క్షణంనుంచి కూలి తగాదా మొగుడూపెళ్ళాల తగాదాగా మారిపోతుంది. చివరికి ఆడదాని పొగరు అణగడమే కార్మికుల గెలుపు.

ఇక్కడ జరిగిన మాయ గమనించండి. యజమాని అహంకారం స్త్రీ అహంకారంగా వేషం మార్చుకుంది. పెట్టుబడిని ప్రశ్నించవలసిన చోట పెళ్ళాన్ని దండించి, ప్రేక్షకుడికి పోరాడిన తృప్తి కలిగించారు. గేటు బయట నిలబడ్డ కార్మికుడికి ఈ కథ ఇచ్చేది ఒక కల మాత్రమే. మనలో ఒకడు యజమాని అల్లుడైతే చాలు. అదే సంవత్సరాల్లో సరళీకరణ విధానాలు అమలవుతూ, పాత మిల్లుల్లో స్వచ్ఛంద పదవీ విరమణ అనే అందమైన పేరుతో వేలమందిని ఇంటికి పంపడం మొదలైందని జ్ఞాపకం చేసుకుంటే, ఆ కల ఎంత అవసరమైన మత్తుమందో అర్థమవుతుంది.

5

తెరను కాస్సేపు పక్కనపెట్టి మూతబడిన గేట్లను చూద్దాం.

వరంగల్లులో ఆజంజాహీ మిల్లు 1934లో నిజాం కాలంలో మొదలైంది. 1974లో నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి వచ్చింది. ఈ శతాబ్దం తొలి సంవత్సరాలకల్లా పూర్తిగా మూతపడింది. ఒక నగరం పొద్దును సైరనుతో నిర్ణయించిన మిల్లు స్థలం ప్లాట్లయింది. ఆ జిల్లాలోనే 2017లో కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. మూసేసిన మిల్లుకూ తెరిచే పార్కుకూ మధ్య నలిగిన ఒక తరం గురించి మనకు నవల లేదు.

బొంబాయి మిల్లుల్లో తెలంగాణ పద్మశాలీలు తరతరాలుగా పనిచేశారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వాన మొదలైన సమ్మెలో సుమారు రెండున్నర లక్షలమంది పాల్గొన్నారు. సమ్మె ఓడిపోయింది, మిల్లులు ఒకటొకటే మూతబడ్డాయి. ఆ ఓటమి తెలుగు పల్లెలకు రైలెక్కి వచ్చింది. మరాఠీలో, హిందీలో మహేశ్ మంజ్రేకర్ 2010లో ఆ మిల్లు వాడల కథ తీశాడు. మనవాళ్ళ వాటా మనం చెప్పుకోలేదు.

ఇక బట్టలు కుట్టే కార్మికుల విషయంలో చట్టం కథే ఒక నవలకు సరిపోతుంది. మూడు వందలమంది పైగా పనిచేసే ఫ్యాక్టరీని మూయాలంటే ప్రభుత్వ అనుమతి ఉండాలని 1976లో పారిశ్రామిక వివాదాల చట్టానికి సవరణ వచ్చింది. 1978లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేసింది. ఆ కేసు పేరు ఎక్సెల్ వేర్. అది బొంబాయిలో ఎగుమతికి దుస్తులు కుట్టించే సంస్థ. అంటే ఈ దేశంలో యజమాని గేటు మూసే హక్కు గురించి అతిముఖ్యమైన తీర్పు ఒక బట్టల ఫ్యాక్టరీ గేటు దగ్గరే పుట్టింది. పార్లమెంటు 1982లో కొత్త రూపంలో ఆ నిబంధనను తిరిగి తెచ్చి, హద్దును 100 మందికి దించింది. 2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల కోడ్ దాన్ని మళ్ళీ 300కు పెంచింది. ఆ కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. 299 మంది పనిచేసే కంపెనీ ఇప్పుడు తాళం వేయడానికి ముందుగా ఎవరి అనుమతీ అడగనక్కరలేదు. నోటీసు, పరిహారం ఉంటే సరిపోతుంది.

ఆంధ్రలో అచ్యుతాపురం బ్రాండిక్స్ ఆవరణలో 2022 జూన్‌లోనూ మళ్ళీ ఆగస్టులోనూ విషవాయువు పీల్చి ఎందరో స్త్రీ కార్మికులు ఆస్పత్రుల పాలయ్యారు. వార్తల్లో రెండు రోజులు కనబడ్డారు. వాళ్ళు కుట్టిన దుస్తులు సముద్రాలు దాటాయి. వాళ్ళ కథ మాత్రం జూబ్లీహిల్స్ దాకా రాలేదు.

6

జూబ్లీహిల్స్ అన్నాను. సినిమా తయారయ్యే ఆ కొండమీదనే 2025 ఆగస్టులో కార్మికుల గేటు కథ ఒకటి నడిచింది. తెలుగు ఫిల్మ్ ఇండస్ట్రీ ఎంప్లాయీస్ ఫెడరేషన్ 30 శాతం వేతన పెంపు కోరుతూ ఆగస్టు 4 నుంచి షూటింగులు ఆపింది. చర్చలు విఫలమవుతూ, మళ్ళీ మొదలవుతూ, కార్మికశాఖా ప్రభుత్వమూ కలగజేసుకున్నాక ఆగస్టు 21న ఒప్పందం కుదిరింది. మూడేళ్ళలో 22.5 శాతం: రోజుకు రెండువేల లోపు కూలి ఉన్నవాళ్ళకు మొదటి ఏడు 15, రెండో ఏడు 2.5, మూడో ఏడు 5. 2022 జూన్‌లో కూడా ఇలాగే కూలికోసం షూటింగులు ఆగాయి.

ఆ రోజుల్లో నేను కృష్ణానగర్ వెళ్ళాను. 1976లో అన్నపూర్ణ స్టూడియో వచ్చాక, ఆపైన రామానాయుడు, పద్మాలయ స్టూడియోలు పెరిగాక, మద్రాసు వదిలి వచ్చిన పరిశ్రమ కొండమీద స్థిరపడింది. దాని పనిచేతులు కొండకింద కృష్ణానగర్‌లో, యూసుఫ్‌గూడలో, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో స్థిరపడ్డాయి. మామూలు రోజుల్లో తెల్లవారకముందే యూనిట్ బస్సులకోసం జనం నిలబడే చోట ఆ వారాల్లో జనం ఊరికే నిలబడ్డారు.

అక్కడ ఒకామె పరిచయమైంది. పేరు రాయను. సినిమాలకు దుస్తులు కుట్టేచోట పీసు రేటుకు పనిచేస్తుంది. యూనియన్ కార్డు లేదు. అంతకుముందు తొమ్మిదేళ్ళు ఒక గార్మెంట్స్ కంపెనీలో పనిచేసింది. ఒకరోజు డ్యూటీకి వెళ్తే గేటుకు తాళం, తాళం పక్కన కాగితం. ఆమె చెప్పినదాన్ని ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"గేటు కాడ మేం ఏడ్వలే సార్. ముందుగాల ఫోన్లు కొట్టుకున్నం, ఇంకెవరెవరు బయల్దేరిన్రో ఆపుదామని. ఆటో పైసలన్న మిగుల్తయ్ గద. పదిగంటలకు రెండొందల మందిమి అయినం. ఎండ. పక్క కంపెనీల ఆడోళ్ళు టిఫిన్ టైముల బయటికొచ్చి వాళ్ళ డబ్బాలు మాకిచ్చిన్రు. సూపరైజరు చూస్తుండని తెల్సు. అయినా ఇచ్చిన్రు. ఆ మర్నాడు వాళ్ళల్ల ఇద్దర్ని తీసేసిన్రు. నాకు నా కొలువు పోయిందానికంటె అదే యాదికుంటది."

తర్వాత ఆమె ఇంకొక మాట చెప్పింది. ఈమధ్య ఒక సినిమాకోసం యాభై జతలు కుట్టారట. దేనికని అడిగితే, ఫ్యాక్టరీ మూసేస్తే ధర్నా చేసే కార్మికుల వేషాలకని చెప్పారట. కొత్త బట్టను టీ నీళ్ళలో ముంచి, గరుకు కాగితంతో రుద్ది, మోకాళ్ళ దగ్గర మాసినట్టు చేశారట. "మేం మాసిన బట్టలతోని ధర్నా చెయ్యలే సార్. ఉన్నదాంట్ల మంచి చీరె కట్టుకొని పోయినం. లేబరాఫీసుకు పోతున్నం గద" అంది.

నాకు తెలిసిన విమర్శ సూత్రాలన్నీ ఆ ఒక్క వాక్యం ముందు చిన్నబోయాయి. పేదరికానికి మాసిన బట్ట గుర్తు అనుకునేవాడు బయటనుంచి చూస్తున్నాడు. మర్యాదకోసం పోరాడడానికి మంచి చీర కట్టుకోవాలని తెలిసినవాడు లోపలనుంచి చూస్తున్నాడు. వాస్తవికత పేరుతో మనం మెచ్చుకునేది చాలాసార్లు టీ నీళ్ళలో ముంచి తీసిన మాపు మాత్రమే.

7

ఫిల్మ్‌నగర్ సమ్మెను బయటివాళ్ళు ఎలా చూశారు? నక్షత్రాల రాజ్యంలో ఇంటి తగాదాగా చూశారు. సినీ కార్మికుడి రోజుకూలి చదువుకున్న ఉద్యోగి జీతాన్ని మించిపోయిందనే వాదన కూడా వినబడింది. రోజుకూలిని 30తో గుణిస్తే వచ్చే అంకె వేరు, నెలలో నిజంగా పని దొరికిన రోజులతో గుణిస్తే వచ్చే అంకె వేరు. సినిమా పరిశ్రమలో లాకౌట్ ప్రకటించనక్కరలేదు. కొబ్బరికాయ కొట్టిన రోజు ఫ్యాక్టరీ తెరుస్తారు, గుమ్మడికాయ కొట్టిన రోజు మూసేస్తారు. ప్రతి సినిమా చివరా అందరూ పని పోయినవాళ్ళే. మళ్ళీ పిలుపు వచ్చేదాకా వాళ్ళను కలిపి ఉంచేది యూనియన్ ఒక్కటే.

ఆ యూనియన్లలో లోపాలు లేవని కాదు. కార్డు కొనాలంటే పెట్టవలసిన సొమ్ము కొత్తవాళ్ళకు గోడ అవుతుందన్న విమర్శలో నిజం ఉంది. నేను కలిసిన కుట్టుపనామె ఆ గోడకు అవతలే ఉంది. ఒప్పందంలోని 22.5 శాతం ఆమె పీసు రేటుకు వర్తించదు. అయినా సమ్మె రోజుల్లో పని ఆగిందని ఆమె విసుక్కోలేదు. "వాళ్ళు గెలిస్తె రేపు మాది అడగొచ్చు" అంది. కార్డు ఉన్నవాళ్ళు ఈ మాట వినాలి.

2020లో కరోనా వల్ల షూటింగులు ఆగినప్పుడు అగ్రనటులు, నిర్మాతలు నిధి ఏర్పాటుచేసి కార్మికుల ఇళ్ళకు నిత్యావసర సరుకులు పంపారు. ఆకలి వేళ అందిన బియ్యాన్ని నేను తక్కువ చేయను. కాని ఆ బియ్యం సానుభూతి. కూలి ఒప్పందం దగ్గర పక్కన కూర్చోవడం సంఘీభావం. మొదటిది పుచ్చుకునేవాణ్ణి తల దించుకునేలా చేయవచ్చు, రెండోది ఎత్తుకునేలా చేస్తుంది. దాసరి నారాయణరావు ఉన్నన్నాళ్ళూ కార్మికుడు తన తగాదా చెప్పుకోవడానికి ఒక గడప ఉండేదని కృష్ణానగర్‌లో ఇప్పటికీ అంటారు. ఒక మనిషి గడపమీద ఆధారపడిన న్యాయం ఆ మనిషితోనే పోతుందని 2017 తర్వాతి చరిత్ర చెబుతోంది.

8

సంఘీభావాన్ని తెరమీద చూపడం సాధ్యమేనా? సాధ్యమే. 1954లో అమెరికాలో 'సాల్ట్ ఆఫ్ ది ఎర్త్' అనే చిత్రం వచ్చింది. న్యూమెక్సికోలో జింకు గని కార్మికుల సమ్మె దాని ఆధారం. గని పనివాళ్ళు పికెటింగు చేయరాదని కోర్టు ఉత్తర్వు వచ్చినప్పుడు, ఆ ఉత్తర్వు తమకు వర్తించదని వాళ్ళ భార్యలు పికెట్ లైను పట్టుకుని నిలబెట్టారు. దర్శకుడు హెర్బర్ట్ బైబర్‌మాన్ హాలీవుడ్ వెలివేసిన మనిషి. పాత్రధారుల్లో ఎక్కువమంది నిజమైన గని కార్మికులూ వాళ్ళ కుటుంబాలూ. కథానాయకుడి పాత్ర వేసినవాడు అక్కడి యూనియన్ అధ్యక్షుడు. ఆ సినిమాలో గొప్ప ఉపన్యాసం లేదు. ఎవరు పొయ్యి దగ్గర ఉండాలి, ఎవరు లైనులో ఉండాలి, వేడినీళ్ళ కోరిక డిమాండ్ల జాబితాలో ఎందుకు లేదు అనే ఇంటి తగాదాలోంచి సమ్మె నడుస్తుంది. 'ఘరానా మొగుడు'లోనూ ఇంటి తగాదా ఉంది. ఒకచోట అది సమ్మెను మింగేసింది, మరొకచోట సమ్మెను పెంచింది. వస్తువు దగ్గరగా ఉన్నా దృక్పథం కథను ఎటు నడిపిస్తుందో తెలుసుకోవాలనే విద్యార్థి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఆ చిత్రం చరిత్రలో ఒక చేదు నిజం కూడా ఉంది. సంఘీభావం గురించి తీసిన ఆ సినిమాను ఆడించకుండా అడ్డుపడినవాళ్ళలో సినిమా ప్రొజెక్షన్ కార్మికుల యూనియన్ నాయకత్వం ఒకటి. కార్మిక సంఘం పేరు ఉన్నంతమాత్రాన సంఘీభావం దానంతట అది పుట్టదు. దాన్ని ప్రతిసారీ కొత్తగా సంపాదించుకోవలసిందే.

ఇప్పుడు మన సంగతి. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితలు సంఘం పెట్టుకున్నప్పటినుంచీ కార్మికుడి పేరు లేని ప్రణాళిక మనం రాయలేదు. కాని 2025 ఆగస్టు 4 నుంచి 21 దాకా మనలో ఎంతమందిమి కృష్ణానగర్ వెళ్ళాం? నేను వెళ్ళింది సమ్మె సగం గడిచాక, అదీ ఈ వ్యాసానికి సరుకు దొరుకుతుందేమోనని. మనలో కొందరు అదే పరిశ్రమకు మాటలు, పాటలు రాసి జీవిస్తున్నారు. వాళ్ళను నిందించను, శ్రీశ్రీ కూడా సినిమాకు రాశాడు. కాని తాను రాసిన మాటను పలికించే లైటుకింద నిలబడినవాడి కూలి గురించి రచయితకు ఒక అభిప్రాయం ఉండాలి. ఆ అభిప్రాయానికి ఒక సంతకం ఉండాలి.

కథ రాసేవాళ్ళకు, సినిమా రాసేవాళ్ళకు నేను మూడు ప్రశ్నలు ప్రతిపాదిస్తున్నాను. మీ కథలో పని కనబడుతుందా? ఓవర్‌లాక్ మిషను, గంట టార్గెట్, తెగిన సూది, బాత్రూముకు వెళ్ళడానికి అడగవలసిన అనుమతి, వీటిలో ఏదైనా ఉందా? రెండు, గేటు మూసిన మర్నాడు కథలో ఉందా? తాళం పడిన రోజు అందరూ రాస్తారు. మూడో వారంలో ఇంటద్దె, ఆరో వారంలో కుదువపెట్టిన పుస్తెలు, పి.ఎఫ్. కాగితంకోసం తిరుగుళ్ళు, సగంమంది వేరే కంపెనీలో చేరిపోయాక మిగిలిన సగం ఒకరినొకరు చూసుకునే చూపు, ఇవి ఎవరు రాస్తారు? మూడు, పక్క కంపెనీ ఆడవాళ్ళు కథలో ఉన్నారా? తమ డబ్బా ఇచ్చి తమ కొలువు పోగొట్టుకున్న ఆ ఇద్దరి కోసం నేను చూసిన ఏ తెలుగు సినిమాలోనూ పాత్ర లేదు. వాళ్ళు బాధితులు కారు, నాయకులు కారు. కాని సంఘీభావం అనే మాటకు అర్థం వాళ్ళే.

మెలోడ్రామా వద్దని నేను అనడంలేదు. జనం ఏడవడంలో తప్పు లేదు. ఏడ్చిన తర్వాత పక్కసీటువాడి ముఖం చూడాలనిపించిందా అన్నదే నా ప్రశ్న.

ఆ విద్యార్థిని నెలల తర్వాత ఉత్తరం రాసింది. తల్లి పనిచేసే కంపెనీ మూతపడిందట. తల్లీ, ఆమెతోటి కుట్టుపనివాళ్ళూ వారానికొకరోజు లేబర్ ఆఫీసు ముందు కూర్చుంటున్నారట. ఆ అమ్మాయి వాళ్ళ మాటలు నోటుపుస్తకంలో రాసుకుంటోందట, అది కథ అవుతుందో కాదో తెలియదట. ఈసారి నేను సినిమా పేర్లు చెప్పలేదు. వాళ్ళు కూర్చునేది ఏ వారమో, ఎన్ని గంటలకో అడిగి జవాబు రాశాను.